నరానికి తెలిసిన ఆజ్ఞ ఒక్కటే

నిద్రలో పిక్క పట్టేసిన అనుభవం లేనివారు తక్కువ. కాలి వెనుక కండరం ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. చేత్తో తడిమితే ముద్ద కట్టినట్టు తగులుతుంది. నొప్పికి లేచి కూర్చున్న మనిషి దాన్ని వదులు చేయాలని ఎంత అనుకున్నా అది వినదు. అదే కాలి వేళ్లను ముడవాలనుకుంటే, అనుకున్న మరుక్షణం ముడుచుకుంటాయి. బిగించడం ఇంత సులువుగా మన ఇష్టానికి లోబడి ఉన్నప్పుడు సడలించడం ఎందుకు లోబడదన్న ప్రశ్న ఆ సమయంలో ఎవరికైనా రావలసిందే.

దీనికి జవాబు మన శరీర నిర్మాణంలోనే ఉంది. ఎముకలను కదిలించే కండరాలకు, అంటే అస్థి కండరాలకు, వెళ్లే చాలక నరాలు మోసుకెళ్లగలిగిన ఆజ్ఞ ఒక్కటే: బిగుసుకో. 'సడలు' అనే ఆజ్ఞ ఆ దారిన రాదు, వచ్చినా అందుకునే ఏర్పాటు కండరంలో లేదు. సడలింపు అంటే ముందు ఆజ్ఞ ఆగాలి, ఆ తరువాత అప్పటిదాకా జరిగినదాన్నంతా కండరం అంచెలంచెలుగా సర్దుకోవాలి. ఆ సర్దుబాటుకు శక్తి ఖర్చవుతుంది, సమయం పడుతుంది, ఏ అంచె దగ్గరైనా అది చెడిపోవచ్చు. మన పాఠాల్లో సంకోచం గురించి పేజీలకొద్దీ ఉంటుంది, సడలింపు రెండు వాక్యాల్లో ముగుస్తుంది. పురుగుమందులతోనూ పాముకాట్లతోనూ ప్రాణాలు పోతున్న మన పల్లెల్లో ఆ రెండు వాక్యాలను విప్పి చెప్పడం చాలా అవసరమని నా నమ్మకం.

ముందుగా మాట దగ్గరే ఒక చిక్కు తీసుకోవాలి. తెలుగులో 'నరం' అనే మాటను మనం కనీసం మూడు వేర్వేరు వస్తువులకు వాడుతున్నాం. సెలైన్ ఎక్కించబోయిన నర్సు 'నరం దొరకడం లేదు' అంటే అది రక్తాన్ని మోసే సిర. 'మెడ నరం పట్టేసింది' అన్నప్పుడు చాలాసార్లు అది బిగుసుకున్న కండరం, లేదా కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి సంకేతాలను మోసే తంతువుల కట్ట మూడోది, ఈ వ్యాసంలో నరం అంటే అదే. ఒక్కో నరంలో వేల తంతువులు ఉంటాయి. వాటిలో కండరానికి ఆజ్ఞ తీసుకెళ్లేవి కొన్నే. చర్మం నుంచి, కీళ్ల నుంచి, కండరాల నుంచి కబురు వెనక్కి తెచ్చేవే మిగిలినవాటిలో ఎక్కువ.

పాదంలోని ఒక చిన్న కండరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దానికి ఆజ్ఞ ఇచ్చే చాలక నాడీకణం పాదంలో ఉండదు, నడుము దగ్గర వెన్నుపాములో ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన ఒకే ఒక్క తంతువు తొడ, మోకాలు, పిక్క దాటి, దాదాపు ఒక మీటరు దూరం వచ్చి పాదంలో కొమ్మలుగా చీలుతుంది. ఒక్కో కొమ్మ ఒక్కో కండర తంతువును పట్టుకుంటుంది. ఒక నాడీకణం, అది పట్టుకున్న కండర తంతువులన్నీ కలిపి ఒక చాలక యూనిట్. కనుగుడ్డును కదిపే కండరాల్లో ఒక నాడీకణం కింద పది, ఇరవై తంతువులే ఉంటాయి, అందుకే చూపు వెంట్రుకవాసి తేడాతో తిరగగలదు. పిక్క కండరంలో ఒకే నాడీకణం వెయ్యికి పైగా తంతువులను ఒక్కసారిగా లాగిస్తుంది. అక్కడ కావలసింది నాజూకు కాదు, బలం.

తంతువు వెంట పరిగెత్తే సంకేతాన్ని కరెంటుతో పోలుస్తుంటారు. ఆ పోలిక కొంతదూరమే నప్పుతుంది. రాగి తీగలో కరెంటు లాగా ఇది ఒక చివర నుంచి రెండో చివరకు ప్రవహించదు. విశ్రాంతిగా ఉన్న నాడీకణం లోపలి భాగం బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణావేశంతో ఉంటుంది. ఆజ్ఞ పుట్టిన చోట పొరలోని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, అక్కడి ఆవేశం తలకిందులవుతుంది, ఆ కదలిక పక్కనున్న ద్వారాలను తెరుస్తుంది. ఇలా ఒకచోట రగిలినది పక్కదాన్ని రగిలిస్తూ సాగుతుంది. అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువు మీద పనిచేసి 1952లో దీనిని లెక్కలతో సహా నిరూపించారు. మన చేతి నరాల్లో ఈ సంకేతం సెకనుకు 50, 60 మీటర్ల వేగంతో పోతుంది. నడుము నుంచి పాదానికి చేరడానికి పట్టేది సెకనులో యాభయ్యో వంతు.

తంతువు చివరకు చేరిన సంకేతానికి ఎదురుగా ఖాళీ ఉంటుంది. నరం కండరాన్ని తాకదు. రెండింటి మధ్య మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు సందు ఉంది. ఆ సందు దగ్గర ఏదో ప్రత్యేకమైనది జరుగుతోందని మొదట స్పష్టంగా చూపించినవాడు ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ బెర్నార్డ్. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే క్యురారే అనే విషాన్ని 19వ శతాబ్దం మధ్యలో ఆయన కప్పల మీద పరీక్షించాడు. విషమెక్కిన కప్పలో నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే కండరం కదలలేదు. కండరాన్నే నేరుగా ప్రేరేపిస్తే మాత్రం చక్కగా ముడుచుకుంది. కండరం బాగానే ఉంది. విషం రక్తం ద్వారా చేరకుండా కట్టుకట్టిన కాలికి వెళ్లే నరమూ బాగానే పనిచేసింది. దెబ్బతిన్నది రెండింటి నడుమ ఉన్న లంకె.

ఆ లంకె ఒక రసాయనమని తేలడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. హెన్రీ డేల్, ఆయన సహచరులు 1936లో చాలక నరం కొసల నుంచి అసిటైల్‌కోలిన్ విడుదలవుతుందని చూపారు. అదే ఏడాది డేల్‌కు, ఆటో లోవీకి నోబెల్ బహుమతి వచ్చింది. అసిటైల్‌కోలిన్ నరం కొసలో చిన్నచిన్న తిత్తుల్లో నిల్వ ఉంటుంది, ఒక్కో తిత్తిలో వేల అణువులు. సంకేతం రాగానే కాల్షియం అయాన్లు కొసలోకి ప్రవేశించి, పదుల తిత్తులు ఒక్కసారిగా పొరతో కలిసి సందులోకి ఒలికిపోయేలా చేస్తాయి. ఈ రసాయనం చుక్కలు చుక్కలుగా, అంటే తిత్తి లెక్కనే, విడుదలవుతుందని 1950లలో బెర్నార్డ్ కాట్జ్, ఆయన సహచరులు నిర్ధారించారు. అవతలి ఒడ్డున, కండరపు పొర మీద, ఈ అణువులను పట్టుకునే గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. అణువులు అతుక్కోగానే గ్రాహకాలు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి వస్తుంది, కండరపు పొర మీద కొత్త సంకేతం మొదలవుతుంది. ఆరోగ్యవంతుడిలో విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అవసరానికి మించే ఉంటుంది, అందుకే నరం కొట్టిన ప్రతి పిలుపుకూ కండరం పలుకుతుంది.

ఇక్కడే సడలింపు మొదలవుతుంది, సంకోచం ఇంకా పూర్తిగా మొదలు కాకముందే. ఆ సందులో అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము పాతుకుని ఉంటుంది. దాని ఒక్కో అణువు సెకనుకు వేల అసిటైల్‌కోలిన్ అణువులను రెండుగా విరిచేయగలదు. ఒలికిన రసాయనం ఒకటి రెండు మిల్లీసెకన్లలో తుడిచిపెట్టుకుపోతుంది, గ్రాహకాలు మూసుకుంటాయి. నరం మళ్లీ పిలిస్తేనే మళ్లీ తెరుచుకుంటాయి. ఒక పిలుపుకు ఒకే స్పందన ఉండేలా కాపలా కాసేది ఈ ఎంజైమే.

ఆ కాపలా పోతే ఏమవుతుందో పత్తి, మిరప చేలల్లో పురుగుమందు కొట్టేవారి ఊళ్లలో తెలియనివారు ఉండరు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఈ ఎంజైముకే అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. మందు తాగినవారిలో, లేదా ఎదురుగాలిలో పిచికారీ చేస్తూ ఒళ్లంతా తడుపుకున్నవారిలో, మొదట చెమట, చొంగ, కళ్లలో పాప సూదిమొనంతగా కుంచించుకుపోవడం కనిపిస్తాయి. తరువాత ఛాతీ మీద, భుజాల మీద, రెప్పల మీద చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు కండరాలు అదురుతాయి. తుడిచేవారు లేక సందులోనే నిలిచిపోయిన అసిటైల్‌కోలిన్ కండరాన్ని పదేపదే తట్టడమే ఆ అదురు. ఆశ్చర్యం ఏమిటంటే ఈ అతిప్రేరణ కండరాన్ని బిగించి ఉంచదు, చచ్చుబడేలా చేస్తుంది. ఎడతెగకుండా తెరుచుకుని ఉన్న గ్రాహకాలు, చుట్టూ ఉన్న పొర, కొత్త పిలుపుకు స్పందించే స్థితిని కోల్పోతాయి. ఒక పిలుపుకూ మరో పిలుపుకూ మధ్య నిశ్శబ్దం లేకపోతే ఏ పిలుపూ వినబడదు.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ చొంగనూ ఊపిరితిత్తుల్లో చేరే నీటినీ ఆపి ప్రాణం నిలుపుతుంది, కానీ అస్థి కండరాల గ్రాహకాల మీద దానికి పట్టు లేదు. అందువల్లనే, తేరుకున్నాడనుకున్న మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల తరువాత తల దిండు మీద నుంచి ఎత్తలేకపోవడం, ఆ వెంటనే ఊపిరి అందకపోవడం జరుగుతుంటాయి. మెడ కండరాలు బలహీనపడటం శ్వాస కండరాల ప్రమాదానికి ముందస్తు హెచ్చరిక. బాగయ్యాడు కదా అని రెండో రోజే ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టే బంధువులు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పాముల విషం ఇదే సందును మరో రెండు వైపుల నుంచి దెబ్బతీస్తుంది. నాగుపాము విషంలోని ఒక అంశం కండరం మీది గ్రాహకాలకు అడ్డుపడుతుంది. అసిటైల్‌కోలిన్ వచ్చినా కూర్చోవడానికి చోటు ఉండదు. కట్లపాము విషం అంతకంటే లోతుగా పోయి, నరం కొసనే పాడుచేసి తిత్తులను ఖాళీ చేస్తుంది. రెండింటిలోనూ ముందుగా కనురెప్పలు వాలిపోతాయి, తరువాత మింగడం, మాట్లాడటం, చివరకు ఊపిరి. చికిత్సలో తేడా మాత్రం చెప్పుకోదగ్గది. నాగుపాము కాటులో విషానికి విరుగుడు మందుతో పాటు నియోస్టిగ్మిన్ ఇచ్చి, తుడిచే ఎంజైమును కొద్దిసేపు ఆపితే, పోగైన అసిటైల్‌కోలిన్ మిగిలిన గ్రాహకాలను అందుకోగలుగుతుంది. చేలో చంపే పద్ధతే కొలిచి వాడితే ఇక్కడ బతికిస్తుందన్నమాట. కట్లపాము కాటులో విడుదల చేయవలసిన కొసే చెడిపోయింది కాబట్టి ఆ ఉపాయం సాధారణంగా పారదు; కొస మళ్లీ మొలిచేవరకు, రోజులూ ఒక్కోసారి వారాలూ, వెంటిలేటరు మనిషి తరఫున ఊపిరి తీయాలి. నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ కరిచే ఈ పాము గాటు సరిగా కనిపించదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారుజామున రెప్పలు వాలుతూ, కడుపునొప్పితో లేచిన మనిషిని నిద్రమత్తు అనుకోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు కండరం లోపలికి వెళదాం. పొర మీద పుట్టిన సంకేతం, పొర లోపలికి చొచ్చుకుపోయిన సన్నని గొట్టాల వెంట తంతువు నడిమధ్య వరకు దిగుతుంది. ఆ గొట్టాలను ఆనుకుని సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచులు ఉంటాయి, వాటి నిండా కాల్షియం. సంకేతం తాకిడికి సంచుల ద్వారాలు తెరుచుకుని కాల్షియం బయటకు వస్తుంది. కండర తంతువులో మయోసిన్ అనే లావు పోగులు, ఆక్టిన్ అనే సన్న పోగులు ఒకదాని మధ్యకు ఒకటి చొచ్చి వరుసగా పేర్చి ఉంటాయి. మయోసిన్‌కు చేతుల వంటి తలలు ఉన్నాయి, ఆక్టిన్‌ను పట్టుకోవడానికి అవి ఎప్పుడూ సిద్ధమే. పట్టుకునే చోటును ట్రోపోమయోసిన్ అనే తాడు కప్పి ఉంచుతుంది. కాల్షియం వచ్చి, ఆ తాడును అంటిపెట్టుకున్న ట్రోపోనిన్ అనే ప్రోటీనుకు అతుక్కోగానే ఆ తాడు పక్కకు తొలుగుతుంది, తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి. పోగుల పొడవు మారదు, ఒకదాని మీదుగా ఒకటి జారడం వల్లే కండరం కురచవుతుంది. ఈ సంగతిని 1954లో ఒకరితో ఒకరికి చుట్టరికం లేని ఇద్దరు హక్స్‌లీల బృందాలు, ఒకే పత్రికలో ఒకే సంచికలో ప్రకటించాయి.

మయోసిన్ తల ఒక లాగుతో పోగును జరిపేది మిల్లీమీటరులో లక్షో వంతు. కాబట్టి పట్టి, లాగి, విడిచి, మళ్లీ పట్టాలి. ఆ విడవడం దగ్గరే అసలు విశేషం ఉంది. లాగిన తల తనంతట తాను ఊడిరాదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు కొత్తగా వచ్చి దానిలో కూర్చుంటేనే పట్టు విడుస్తుంది. ఏటీపీ లేకపోతే పట్టుకున్న చేయి పట్టుకున్నట్టే ఉండిపోతుంది. మనిషి చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడానికి కారణం ఇదే. కాళ్లూ చేతులూ తిన్నగా సర్ది, దవడ జారకుండా గుడ్డ కట్టే పనిని మన పెద్దవాళ్లు ఆలస్యం చేయనిచ్చేవారు కారు. ఆలస్యమైతే ఇక కదలవని వారికి అనుభవం చెప్పింది. ఆ బిగువు మళ్లీ వదిలేది సడలింపు వల్ల కాదు, పోగులే చివికిపోవడం వల్ల.

బతికున్న కండరంలో ఆజ్ఞ ఆగాక ఇంకో ఖర్చు కూడా ఉంది. బయటకు వచ్చిన కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడాలి. విశ్రాంతిలో ఉన్న కండర కణం లోపల స్వేచ్ఛగా ఉన్న కాల్షియం, కణం బయటి ద్రవంలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. ఆ స్థాయికి దించడానికి సంచుల పొర మీద ఉన్న పంపులు ప్రతి రెండు కాల్షియం అయాన్లకు ఒక ఏటీపీ ఖర్చుపెట్టి తోడుతూనే ఉంటాయి. కాల్షియం తగ్గితే ట్రోపోమయోసిన్ తాడు మళ్లీ చోటును కప్పుతుంది, తలలకు పట్టు దొరకదు. విడవడానికీ ఏటీపీ, తోడడానికీ ఏటీపీ. ఊరికే వదిలేయడమే కదా అని మనం అనుకునే పనికి కండరం చెల్లించే మూల్యం ఇది.

ఈ శక్తి లెక్కల్లో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెరగనిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ముందు ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని రూపొందించారు, 1925లో అది అచ్చయింది. అదే కొలతతో కండరాన్ని పరిశీలిస్తున్నప్పుడు ఒక తేడా కనిపించింది: లెక్కలోకి వస్తున్న ఫాస్ఫరస్‌లో కొంత భాగం అప్పటిదాకా ఎవరికీ తెలియని, సులభంగా విడిపోయే పదార్థం నుంచి వస్తోంది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దాన్ని ప్రకటించారు. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరుగా దాని జాడ పట్టారు. కండరం పనిచేసేటప్పుడు ఆ నిల్వ తరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి నిండుతుంది. 1929లో ఏటీపీని కూడా జర్మనీలో లోమాన్‌తో పాటు, అతనితో సంబంధం లేకుండా, వీరు గుర్తించారు. పరుగు అందుకున్న మొదటి క్షణాల్లో కరిగిపోయే ఏటీపీని వెంటవెంటనే భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్ అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. సుబ్బారావు గారిని మనం మందుల శాస్త్రవేత్తగానే తలచుకుంటాం. ఆయన మొదటి గొప్ప పని కండరంలో జరిగిందన్నది పిల్లలకు చెప్పవలసిన మాట.

ఇంకొక ప్రశ్న మిగిలింది. కండరానికి 'ఆగు' అని చెప్పే నరం లేనప్పుడు, నరాన్ని ఆగమని ఎవరు చెబుతారు? ఆ నిర్ణయం వెన్నుపాములో జరుగుతుంది. చాలక నాడీకణం మీద వేల తంతువులు వచ్చి చేరతాయి; కొన్ని దాన్ని రెచ్చగొట్టేవి, కొన్ని గ్లైసిన్, గాబా అనే రసాయనాలతో దాన్ని నెమ్మదింపజేసేవి. పీతల్లో నెమ్మదింపజేసే నరం నేరుగా కండరం దాకా వెళుతుంది. మనలో ఆ వాదోపవాదమంతా వెన్నుపాములోనే ముగిసి, ఫలితం మాత్రమే కండరానికి అందుతుంది. మోకాలిచిప్ప కింద డాక్టరు సుత్తితో తట్టినప్పుడు కాలు ముందుకు ఎగరడం అందరూ చూసిందే. ఆ క్షణంలోనే తొడ వెనుక కండరపు నాడీకణాలను వెన్నుపాము అణచివేస్తుంది, లేకపోతే ముందు కండరం, వెనుక కండరం ఒకదానితో ఒకటి పోరాడేవి.

ఆ అణచివేతే పోతే వచ్చే జబ్బుకు తెలుగులో ఉన్న పేరు కళ్లకు కట్టినట్టుంటుంది: ధనుర్వాతం. గాయంలో పెరిగిన బాక్టీరియా విషం నరాల వెంట వెన్నుపాముకు ఎక్కి, నెమ్మదింపజేసే కణాలు తమ రసాయనాన్ని విడుదల చేయకుండా చేస్తుంది. ఆపేవారు లేని చాలక కణాలు చిన్న శబ్దానికి కూడా చెలరేగిపోతాయి. దవడ బిగుసుకుంటుంది, వీపు కండరాలు పొట్ట కండరాలను మించి లాగడంతో ఒళ్లు విల్లులా వంగిపోతుంది. కండరాల్లో ఏ లోపమూ లేదు. వాటికి విరామం ఇచ్చే గొంతు మూగబోయింది, అంతే.

పిక్క పట్టేసినప్పుడు కూడా ఆధారాలు ఎక్కువగా నరం వైపే చూపుతున్నాయి. చాలక కణాలు తమంతట తాము వేగంగా సంకేతాలు కొడుతుంటాయి. అప్పుడు పిక్కకు నేరుగా చెప్పడానికి దారి లేదు కాబట్టి, పాదాన్ని మోకాలి వైపు పైకి లాగాలి. ముంగాలి కండరాన్ని మనమే బిగిస్తే దాని జంటగా ఉన్న పిక్క నాడీకణాలను వెన్నుపాము అణచివేస్తుంది. ఆ లాగుడు వల్ల కండరం సాగుతుంది కూడా. సడలిన కండరం తనంతట తాను పొడవు కాలేదు, ఎదురుగా ఉన్న కండరమో బరువో దాన్ని సాగదీయాలి.

రోజువారీ పనుల్లో కండరాన్ని పూర్తిగా బిగించేదీ లేదు, ఒక్కసారిగా వదిలేసేదీ లేదు. నిండు బిందెను చంక నుంచి నేల మీదికి దించేటప్పుడు మోచేతి కండరం లాగుతూనే సాగుతుంటుంది. అప్పుడు మెదడూ వెన్నుపామూ చాలక యూనిట్లను ఒక్కొక్కటిగా మౌనంలోకి పంపుతాయి; బరువు ఎత్తేటప్పుడు చివర చేరిన పెద్ద యూనిట్లు ముందు తప్పుకుంటాయి, మొదట చేరిన చిన్నవి చివరిదాకా నిలుస్తాయి. అందుకే నీళ్లు తొణకవు. బిందె నేలకు ఆనాక ఆ చిన్న యూనిట్ల నరాలు కూడా పిలవడం మానేస్తాయి. కండరం లోపల కాల్షియం పంపులు మాత్రం మరికొన్ని పదుల మిల్లీసెకన్ల పాటు తోడుతూనే ఉంటాయి.